రొయ్యల చెరువులో వైట్ స్పాట్: రాకుండా ఎలా చూసుకోవాలి? వస్తే ఏం చేయాలి?

భీమవరం, నరసాపురం వైపు రొయ్యల రైతుకి రేటు తర్వాత టెన్షన్ అంటే వైట్ స్పాటే. 1990లలో టైగర్ రొయ్యని ముంచేసిన ఈ వైరస్, 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక కూడా వదల్లేదు. దీనికి మందు లేదు. షాపులో ఎవరు ఏ డబ్బా చూపించినా సరే, లేదు. పెట్టే ఖర్చేదో సీడ్ (రొయ్య పిల్లలు) వేయకముందే పెట్టాలి.

1. చెరువు ఎండగట్టండి. పట్టుబడి అయ్యాక నేల నెర్రెలు విచ్చేదాకా ఎండాలి. మధ్యలో పేరుకున్న నల్లబురద తీసి దూరంగా పోయించండి. గట్టు మీద పోస్తే మొదటి వానకే తిరిగొస్తుంది. కిందటి పంటలో ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉంటే (రొయ్య చావదు, ఎదగదు) ఎండ ఒక్కటే చాలదు. నేల దున్ని, ఎకరాకి రెండున్నర టన్నుల దాకా కాల్చిన సున్నం వేసి తడపాలి. అగ్రిలైమ్ కాదు, నీళ్లు తగిలితే పొగలు కక్కే రకం. పీహెచ్ 12కి ఎక్కితేనే దాని బీజాలు చస్తాయి.

2. నీళ్లు నేరుగా పెట్టొద్దు. డెల్టాలో అసలు తలనొప్పి ఇదే. చాలాచోట్ల తోడేదీ ఆ డ్రెయినే, వదిలేదీ ఆ డ్రెయినే. పై చెరువులో జబ్బొస్తే ఆ నీళ్లే మీ మోటారుకి అందుతాయి. అందుకే ఒక చెరువుని నీటి నిల్వకి వదలాలి. ఎకరం పోయిందని బాధపడేవాళ్లుంటారు, పంట మొత్తం పోవడం కంటే నయం. 60 మెష్ సంచి కట్టి తోడి, 60 పీపీఎం బ్లీచింగ్ వేయండి: మీటరు లోతు నీళ్లున్న ఎకరానికి సుమారు 240 కిలోలు. క్లోరిన్ పూర్తిగా పోయాకే చెరువులోకి వదలాలి. పీతలూ ఈ వైరస్‌ని మోస్తాయి కాబట్టి గట్టు చుట్టూ వల, పైన పక్షులకి తాళ్లు తప్పవు.

3. సీడ్. పీసీఆర్ (వైరస్ ఉందో లేదో తేల్చే ల్యాబ్ పరీక్ష) రిపోర్టు చూడకుండా డబ్బులివ్వకండి. రిపోర్టు బాగున్నా పిల్లల్ని బేసిన్‌లో పోసి చేత్తో నీళ్లు తిప్పండి. హుషారైనవి నీటికి ఎదురీదుతాయి, నీరసమైనవి మధ్యలో కుప్పపడతాయి.

4. పంట నడిచేటప్పుడు చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) రోజూ చూడాలి. మేత మిగిలితే తగ్గించండి. గాలి తోసే మూలలో తెల్లటి దారాల్లా పెంట తేలుతుంటే వైట్ గట్ (రొయ్య పేగు జబ్బు) అనుమానించండి. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఆపకూడని వేళ అది. పెద్దవాన పడితే మేత తగ్గించి ఏరేటర్లు తిప్పండి. యాంటీబయాటిక్స్ వైరస్‌ని ఏమీ చేయవు, పైగా అవశేషాలు దొరికితే సరుకు వెనక్కొస్తుంది.

5. రొయ్యలు గట్టు పక్కకి చేరి, మేత ముట్టకపోతే నాలుగు పట్టి తల పెంకు ఊడదీయండి. లోపలి జిగురు గీకి వెలుతురుకి పెట్టి చూస్తే తెల్లచుక్కలు కనిపించొచ్చు. వనామీలో కొన్నిసార్లు కనిపించవు, కనుక ల్యాబులో పీసీఆర్ చేయించాల్సిందే.

ఖాయమైతే ముందు తూము మూసేయండి, చుక్క నీరు బయటికి పోకూడదు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) అమ్మకానికొచ్చి ఉంటే నీళ్లు తీయకుండా వలలతోనే పట్టించండి. చచ్చినవాటిని సున్నం వేసి పాతిపెట్టాలి, గట్టు మీద పారేస్తే కాకులు పక్క చెరువులోకి మోస్తాయి. మిగిలిన నీటికి బ్లీచింగ్ వేసి వారం రోజులైనా ఆపాకే వదలండి. ఆ వలలు, బకెట్లు వేరే చెరువులో పెట్టకండి. చుట్టుపక్కల రైతులకి అదే రోజు ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు మోటార్లు ఆపుకుంటారు.