లైట్ వెయిట్ క్రాంక్ పుల్లీ వేసే ముందు

ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్; దాని చివర ఉండి బెల్టును తిప్పే చక్రమే క్రాంక్ పుల్లీ. ముందు పాత పుల్లీని తిప్పి చూడండి. మధ్య హబ్‌కీ బయటి రింగుకీ నడుమ నల్లటి రబ్బరు పట్టీ కనిపిస్తే అది డ్యాంపర్. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ కాస్త మెలి తిరిగి వెనక్కొస్తుంది. ఆ వణుకును బరువైన రింగూ రబ్బరూ మింగేస్తాయి. ఒంటి ముక్క అల్యూమినియం పుల్లీకి ఆ పని రాదు. అలాగని ఇంజన్ మర్నాడే పోదు. అక్కడే మోసపోతాం! ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర వణుకు పెరిగి బోల్టు వదులవడం, ఆయిల్ పంప్ గేర్ పగలడం, చివరికి క్రాంకే విరగడం జరగొచ్చు. బీఎండబ్ల్యూ స్ట్రెయిట్ సిక్స్ లాంటి పొడుగు క్రాంక్ ఇంజన్‌లో నేనైతే అసలు వేయను.

పాత పుల్లీలో రబ్బరే లేకపోతే ఇంత టెన్షన్ అక్కర్లేదు.

కొత్త పుల్లీ సైజు కొలవండి. పాతదానికన్నా చిన్నదైతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ నెమ్మదిస్తుంది. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఏసీ, ఫ్యాన్, లైట్లు వేసుకుని ఆగితే బ్యాటరీ లైటు మినుకుమంటుంది.

కొన్ని ఇంజన్లలో టైమింగ్ గేరును (వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో నడిపించే గేరు) పట్టి ఉంచేది పుల్లీ బోల్టు బిగువే. క్రాంక్ లాక్ చేయకుండా విప్పితే టైమింగ్ జారుతుంది. ఒకసారి సాగే రకం బోల్టయితే రాణీగంజ్‌లో కొత్తది తెచ్చుకోండి. మెకానిక్ ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తానంటే వద్దనండి, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచే వాడాలి.

పాత పుల్లీని స్క్రాప్‌కు వేయొద్దు. రేపు అదే కావాలంటారు.