పాత మారుతి 800 స్లోలో మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంటే

సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేయగానే బండి వణుకుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతుంది. వెనక హారన్లు. కార్బొరేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు ఇచ్చే భాగం) ఉన్న మారుతి 800 నడిపే వాళ్లకు ఈ టెన్షన్ కొత్త కాదు. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల స్లో స్క్రూ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం, అంటే 'స్లో', మార్చే స్క్రూ) తిప్పి ఆర్‌పీఎం పెంచి పంపేస్తారు. అప్పటికి బండి ఆగదు, కానీ లోపం అలాగే ఉంటుంది, పైగా పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. దయచేసి ఆ స్క్రూ జోలికి ముందే పోవద్దు. బండి ఏ సమయంలో ఆగుతోందో గమనిస్తే సగం కారణం అక్కడే దొరుకుతుంది.

రేస్ ఇస్తే బాగుంటుంది, స్లోలో మాత్రం నిలవదు

ఎక్కువగా కనిపించేది ఇదే. మొదట సోలనాయిడ్ చూడండి. కార్బొరేటర్ పక్కన ఒక్క వైరుతో ఉండే చిన్న వాల్వ్ అది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే దాంట్లో 'టిక్' అని వినిపించాలి. వినిపించకపోతే వైరు ఊడిందేమో, ఫ్యూజ్ పోయిందేమో చూడాలి. ఆ వాల్వ్ తెరుచుకోకపోతే స్లో జెట్‌కు (స్లోలో పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం) పెట్రోల్ అందదు.

అది బాగుంటే చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది) కొద్దిగా లాగండి. వణుకు తగ్గిందంటే గాలి ఎక్కువవుతోంది: ఎక్కడో ఎయిర్ లీక్ ఉంది, లేదా స్లో జెట్‌లో చెత్త పడింది. వణుకు పెరిగితే పెట్రోల్ ఎక్కువవుతోంది: ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ను అదుపు చేసే ఫ్లోట్ లెవెల్, నీడిల్ వాల్వ్ చూడాలి.

ఎయిర్ లీక్ పట్టుకోవడానికి స్ప్రే బాటిల్‌లో నీళ్లు చాలు. ఇంజిన్ తిరుగుతుండగా కార్బొరేటర్ కింది గ్యాస్కెట్, మ్యానిఫోల్డ్ (గాలి, పెట్రోల్ ఇంజిన్‌లోకి పోయే గొట్టం) అతుకు, వాక్యూమ్ పైపుల చివర్లు ఒక్కొక్కటిగా తడపండి. లీక్ ఉన్నచోట తగలగానే ఇంజిన్ శబ్దం మారుతుంది. ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం నీళ్లు పడకూడదు. దీనికోసం కొందరు పెట్రోల్ చల్లుతారు. ఇంజిన్ వేడిగా ఉంటుంది, ఆ పని అస్సలు చేయొద్దు. వాక్యూమ్ పైపు చివర మాత్రమే పగిలితే ఆ ముక్క కోసి మళ్లీ తొడగవచ్చు. పెట్రోల్ పైపులూ చేత్తో వంచి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలం రబ్బరు దానికోసం చేసింది కాదు.

చల్లగా ఉన్నా, వేడెక్కినా ఒకే తీరు వణుకు

ఇది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. ఒక్క సిలిండర్ పడుకుంటే మూడో వంతు బలం పోతుంది, గేర్ రాడ్ కూడా ఊగుతుంది. ఏ సిలిండరో తెలియాలంటే ఇంజిన్ ఆపి, ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దానికి పాత ప్లగ్ ఒకటి తొడిగి, ఇంజిన్ లోహానికి ఆనేలా కట్టి స్టార్ట్ చేయండి. ఆ ప్లగ్ పెట్రోల్ పైపులకు దూరంగా ఉండాలి. వణుకు పెరిగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. ఏ వైరు తీసినప్పుడు తేడా రాదో, లోపం ఆ సిలిండర్‌లో ఉంది.

దాని ప్లగ్ విప్పండి. పెట్రోల్‌తో తడిసి ఉంటే స్పార్క్ రావడం లేదు: ప్లగ్, వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ చూడాలి. జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ ఎక్కుతోంది. ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. స్పార్క్ బాగున్నా సిలిండర్ పలకకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూపించండి. టాపెట్లు (వాల్వులను నొక్కి తెరిచే భాగాలు) మరీ బిగుతుగా పెడితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. టాపెట్ చప్పుడు అసలు లేకపోవడం మంచి లక్షణమని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు.

వేడెక్కాకే ఆగిపోయి, చల్లారితే స్టార్ట్ అవుతుంటే

ఆగిన వెంటనే స్పార్క్ చూడండి. లేకపోతే స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ లేదా కండెన్సర్ పోయి ఉండొచ్చు. స్పార్క్ ఉంటే, విజయవాడ మే ఎండల్లో అయితే, కార్బొరేటర్‌లో పెట్రోల్ మరిగి ఉండొచ్చు. బానెట్ ఎత్తి కాసేపు ఆగితే సరిపోతుంది.

కొంతదూరం పోయాకే ఆగుతుంటే ట్యాంక్ మూత తెరవండి. గాలి 'స్‌స్' మని లోపలికి పోతే మూత రంధ్రం పూడింది. ఏసీ వేసినప్పుడే ఆగుతుంటే ఏసీ భారానికి తగ్గట్టు స్లో పెంచే ఐడిల్-అప్ వాక్యూమ్ పైపు చూడండి.

ఇవన్నీ అయ్యాక స్లో పెట్టాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ, లైట్లు ఆపి, గాలి, పెట్రోల్ పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూను వేగం అత్యధికంగా వచ్చేచోట నిలపండి. తర్వాత స్లో స్క్రూతో 900 ఆర్‌పీఎం దగ్గరికి దించండి.