రీఫ్ ట్యాంకు పాఠాలు – 6: లైటు ఎంచుకోవడం

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు. గత పాఠం నాటికి రాళ్లు పేర్చాం, పంపులు బిగించాం, సైక్లింగ్ (వ్యర్థాలను విడగొట్టే బ్యాక్టీరియా పెరిగేదాకా ట్యాంకును నడపడం) మొదలుపెట్టాం. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి నైట్రేట్ కనిపిస్తోందంటే ఈ పాఠానికి మీరు సిద్ధం. ఇంకా దిగకపోతే లైటుకు తొందర లేదు. పగడం లేని ట్యాంకులో లైటు వెలిగిస్తే లాభపడేది నాచే. సైక్లింగ్ నడిచినన్నాళ్లూ గదిలో ఉన్న వెలుతురు చాలు.

పాఠం కోసం పెట్టుకున్న ట్యాంకు కొలతలు మళ్లీ ఒకసారి: పొడవు 36 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 16. నీళ్లు సుమారు 150 లీటర్లు. అమెరికాలో ఉన్నవాళ్లకు ‘40 గ్యాలన్ బ్రీడర్’ అంటే ఇదే. మన దగ్గర గాజు ట్యాంకులు కట్టేవాళ్లకు కొలతలు ఇస్తే చేసిపెడతారు. అడుగున అంగుళంన్నర ఇసుక ఉంది. రాళ్ల కొస నీటి మట్టానికి నాలుగైదు అంగుళాల కింద ఉంది.

లైటు కొనబోయే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ‘ఎన్ని వాట్లది తీసుకోవాలి?’ అని. అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు ఏ పగడం పెంచుతారో తేల్చుకోవాలి. అది ట్యాంకులో ఎక్కడ కూర్చుంటుందో, ఆ చోట ఎంత వెలుతురు పడాలో ఆ తర్వాత చూడాలి. లైటు సంగతి అప్పుడే వస్తుంది. ఈ వరస తప్పినవాళ్లే మొదటి నెలలో పగడాలను తెల్లగా కాల్చేసుకుంటారు.

పగడం తినేది వెలుతురే

పగడం జంతువే. కానీ దాని కణాల్లో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో చక్కెరలు తయారుచేసి, వాటిలో పెద్ద వాటా పగడానికి ఇచ్చేస్తాయి. రీఫ్ పగడాలకు కావలసిన శక్తిలో చాలా భాగం ఈ దారిలోనే వస్తుంది. కాబట్టి మనం లైటు పెడుతున్నది పగడం లోపలి శైవలాల కోసం. వాటిలోని పత్రహరితం, పెరిడినిన్ అనే మరో వర్ణకం ఎక్కువగా పీల్చుకునేది నీలి కాంతిని. సముద్రంలో వాటికి అందేదీ అదే. ఎరుపును నీళ్లు మొదటి కొద్ది మీటర్లలోనే మింగేస్తాయి, నీలం మాత్రం లోతుదాకా దిగుతుంది. రీఫ్ లైట్లలో 400 నుంచి 480 నానోమీటర్ల మధ్య ఊదా, నీలం ఎల్‌ఈడీలు అన్నేసి ఉండేది అందుకే.

ఇక్కడే మన కన్ను మోసం చేస్తుంది. పగటి వెలుతురులో మనిషి కన్నుకు బాగా ఆనేది 555 నానోమీటర్ల పసుపుపచ్చ, ఆకుపచ్చల మధ్య రంగు. 450 దగ్గరి నీలం మసకగా అనిపిస్తుంది. నీలం లైటు కింద ట్యాంకు వెన్నెల రాత్రిలా కనిపిస్తున్నా, ఆ సమయంలోనే పగడం మాడిపోతూ ఉండొచ్చు. తెల్ల లైటు కింద ట్యాంకు పట్టపగల్లా వెలుగుతున్నా పగడానికి కడుపు నిండకపోవచ్చు. డబ్బా మీద రాసే 14,000 కెల్విన్, 20,000 కెల్విన్ లాంటి అంకెలు లైటు మన కంటికి ఏ రంగులో కనిపిస్తుందో చెబుతాయి, పగడానికి ఎంత అందుతుందో చెప్పవు.

అందుకే కొలవాల్సింది పార్. 400–700 నానోమీటర్ల మధ్య కాంతిలో, ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్ల ఫోటాన్లు (కాంతి రేణువులు) పడుతున్నాయో చెప్పే లెక్క ఇది. మిట్టమధ్యాహ్నం నేరుటెండలో పార్ దాదాపు 2000 ఉంటుంది. పాఠం ట్యాంకులో మనకు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

ఏ పగడానికి ఎంత

డిస్కోసోమా, రోడాక్టిస్ లాంటి పుట్టగొడుగు పగడాలకు 50–80 పార్ చాలు. జోవాంథిడ్లు, లెదర్ పగడాలు 80–150 మధ్య బాగుంటాయి. పెద్ద పాలిప్‌ల (పగడంలో ఒక్కో నోరున్న చిన్న జీవిని పాలిప్ అంటారు) గట్టి పగడాలు, అంటే హ్యామర్, టార్చ్, డంకన్ లాంటివి, 80–150లో సుఖంగా ఉంటాయి. అక్రోపోరా లాంటి చిన్న పాలిప్‌ల గట్టి పగడాలకు 200–350 కావాలి. వాటిని మొదటి ఏడాది పెట్టకండి. లైటు సరిపోయినా, కాల్షియం, ఆల్కలినిటీ (నీటి క్షారత)లను రోజూ ఒకే మట్టంలో నిలబెట్టడం కొత్త ట్యాంకులో కుదరదు.

భారతదేశంలో ఉన్నవాళ్లు ఒక మాట తప్పక గుర్తుంచుకోవాలి. రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా అందులోవే. సముద్రం నుంచి తీయడమే కాదు, కొనడం, అమ్మడం కూడా నేరమే. ‘లైవ్ రాక్’ (జీవులు అంటుకున్న రాయి) పేరుతో పగడం ముక్కలు అంటగట్టేవాళ్లను దూరం పెట్టండి. గట్టి పగడాల అంకెలు విదేశాల్లో, చట్టబద్ధంగా పెంచిన ముక్కలు కొనుక్కునే తెలుగువాళ్ల కోసం ఇచ్చినవి. మన దేశంలో ఉన్నవాళ్లు పుట్టగొడుగులు, జోవాంథిడ్లతో మొదలుపెట్టండి. అవైనా ఏ జాతో, ఎక్కడి నుంచి వచ్చాయో బిల్లు మీద రాయించుకోండి.

పాఠం ట్యాంకుకు మన లక్ష్యం ఇది: ఇసుక మీద 50–80, రాళ్ల నడుమ 100 చుట్టూ, రాళ్ల కొసన 150. అంతకు మించి అక్కర్లేదు.

వాట్ల లెక్క

ఇప్పుడు చివరి ప్రశ్నకు వద్దాం. ట్యాంకు పై వైశాల్యం 36 × 18 అంగుళాలు, అంటే 0.42 చదరపు మీటరు. సగటున 120 పార్ పడాలంటే 0.42 × 120, దాదాపు 50 మైక్రోమోళ్లు సెకనుకు. మంచి రీఫ్ ఎల్‌ఈడీ ఒక వాటుకు ఉజ్జాయింపుగా 1.5 మైక్రోమోళ్లు ఇస్తుందనుకుంటే 33 వాట్లు వస్తాయి. గాజు దాటి బయటకు పోయేది, నీళ్లు మింగేది, రాళ్ల నీడలు, అన్నీ కలిపి సగం పోయిందనుకుందాం: 67 వాట్లు. లైటును ఎప్పుడూ నూరు శాతం మీద నడపం కాబట్టి ఇంకో సగం కలిపితే 100 వాట్లు. ఇంతే కావలసింది. ఇదే ట్యాంకుకు 300 వాట్ల లైటు అంటగడితే మీరు దాన్ని జీవితాంతం 25 శాతం మీద నడుపుతూ కూర్చోవాలి.

100 వాట్లు అంటే గోడ ప్లగ్గు దగ్గర నిజంగా లాగే వాట్లు. చవక లైట్ల డబ్బా మీద 165 అని ఉన్నా లోపల లాగేది అంతకన్నా తక్కువ ఉండటం మామూలే. ప్లగ్గుకు పెట్టే చిన్న వాట్ మీటరుతో చూస్తే తెలిసిపోతుంది. కరెంటు బిల్లు లెక్క కూడా దానితోనే వేసుకోవచ్చు. సగటున 60 వాట్లు, రోజుకు 10 గంటలు అంటే 0.6 యూనిట్. నెలకు 18 యూనిట్లు.

ఆ 100 వాట్లను ఒకే లైటులో తీసుకోకండి. 50 వాట్లవి రెండు తీసుకోండి. 36 అంగుళాల పొడవుకు ఒకే లైటు మధ్యలో పెడితే దాని కింద 300 పార్, మూలల్లో 30 ఉంటుంది. పైగా ప్రతి రాయికీ ఒక వైపు కటిక నీడ పడుతుంది. రెండు లైట్లయితే ఒకదాని నీడను రెండోది నింపుతుంది. ఎడమ అంచు నుంచి 9 అంగుళాల దగ్గర ఒకటి, 27 దగ్గర ఇంకొకటి, నీటి మట్టానికి 9–10 అంగుళాల ఎత్తులో. లెన్స్ కోణం 90 డిగ్రీలకు తక్కువ ఉన్నది ఈ ట్యాంకుకు వద్దు. కోణం ఇరుకైతే వెలుతురు ఈటెలా ఒకచోటే దిగుతుంది. లోతైన ట్యాంకులకు అది మేలు, 16 అంగుళాలకు కాదు.

ఎల్‌ఈడీలో చూడాల్సిన ఇంకో గుణం, రంగుల చానళ్లను విడివిడిగా తగ్గించి పెంచే వీలు. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న లైటుతో పగడాన్ని మెల్లగా అలవాటు చేయలేరు. ట్యాంకు అడుగున ఎర్ర, ఆకుపచ్చ చుక్కలు డిస్కోలా ఆడుతుంటే డిఫ్యూజర్ (వెలుతురును పరిచే మసక పలక) వేయాలి, లేదా లైటు రెండు అంగుళాలు పైకి లేపాలి.

టీ5 ట్యూబులు (సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైట్లు) కూడా మంచివే. వెలుతురు మబ్బు పట్టిన ఆకాశం లాగా సమంగా పరుచుకుంటుంది, నీడలు తక్కువ. మూడడుగుల 39 వాట్ల ట్యూబులు నాలుగు, ఒక్కోదానికి విడి రిఫ్లెక్టరు ఉంటే మన ట్యాంకుకు ఎక్కువే. కానీ 9–12 నెలలకోసారి ట్యూబులు మార్చాలి. కాబట్టి రీఫ్ ట్యూబులు మీ ఊళ్లో ఏడాది పొడవునా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. మెటల్ హలైడ్ దీపాలు మనకు వద్దు. ఆ వేడికి చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనాల్సి వస్తుంది, మే నెలలో తెలుగు నేల మీద అది కూడా చేతులెత్తేస్తుంది.

బిగించడం, టైమరు

లైటు స్టాండును ట్యాంకు అంచుకు బిగిస్తుంటే గాజు మందం చూసుకోండి. పై అంచున పట్టీ లేని పల్చటి గాజుకు బరువు వేలాడదీయకూడదు. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి, మళ్లీ పైకి వచ్చేలా వదలండి. వైరు వెంట జారిన ఉప్పునీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు) లేని లైనుకు ఈ ట్యాంకును కలపొద్దు. లెన్స్ మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. వారానికోసారి లైటు ఆపి, చల్లారాక ఆర్‌వో నీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి.

టైమరు: ఉదయం 11కు నీలం మెల్లగా మొదలై 12కు పూర్తి స్థాయికి రావాలి. రాత్రి 8 దాకా అలాగే ఉండి 9కి ఆరిపోవాలి. మీరు ఇంట్లో ఉండే వేళలను బట్టి గంటలు జరుపుకోవచ్చు, మొత్తం మాత్రం 10 దాటొద్దు. ఊదా, నీలం చానళ్లు నిండుగా, తెలుపు 20–30 శాతం, ఎరుపు, ఆకుపచ్చ 5 లోపు పెట్టండి. మొత్తం బలం మాత్రం మొదటి వారం 30–35 శాతమే. రాత్రి పూర్తి చీకటి కావాలి.

కొలిచేది ఎలా

నీళ్లలో ముంచే సెన్సరు ఉన్న పార్ మీటరు ఖరీదైనది. కొనక్కర్లేదు, ఒక్కరోజుకు అద్దెకో అరువుకో తెచ్చుకుంటే చాలు. సెన్సరు ముఖం నేరుగా పైకి ఉండాలి. అలలు ఉంటే అంకె గంతులు వేస్తుంది, కొలిచినంతసేపు పంపులు ఆపండి. ఫోనులో ఉండే లక్స్ యాప్ ఇక్కడ పనికిరాదు. లక్స్ మన కంటి చూపును బట్టి కట్టిన కొలత. కంటిలాగే అదీ నీలాన్ని తక్కువగా లెక్కిస్తుంది. అదే లైటు, అదే రంగుల అమరిక కింద నెలనెలా వెలుతురు తగ్గిందేమో పోల్చుకోవడానికైతే వాడుకోవచ్చు.

అలవాటు చేయడం, తేడా వస్తే

కొత్త పగడాన్ని ముందు ఇసుక మీదే పెట్టండి, దాని చోటు కొసన అయినా సరే. రెండు వారాల తర్వాత సగం ఎత్తుకు, ఇంకో రెండు వారాలకు అసలు చోటికి. లైటు బలాన్ని వారానికి 5 శాతం కన్నా ఎక్కువ పెంచొద్దు. లైటు పెంచిన వారంలో పగడాన్ని జరపొద్దు. రెండూ ఒకేసారి చేస్తే ఏది తేడా కొట్టిందో తెలియదు. జోవాంథిడ్ల రాయిని ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, వాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది.

వెలుతురు సరిపోయిందో లేదో పుట్టగొడుగు పగడమే చెబుతుంది. సరిపోతే రాయికి అంటుకుని అప్పడంలా పరుచుకుంటుంది. తక్కువైతే కాడ సాగి, అంచులు పైకి లేచి గరాటులా తయారవుతుంది. ఎక్కువైతే చొక్కా గుండీ అంతకు ముడుచుకుపోయి, రంగు వెలిసిపోతుంది. జోవాంథిడ్లు వెలుతురు చాలకపోతే మెడలు చాచినట్టు పొడుగు సాగుతాయి. గట్టి పగడాలు గోధుమరంగుకు తిరుగుతాయి. తక్కువ వెలుతురును ఒడిసిపట్టడానికి లోపల శైవలాలు పెరగడమే అందుకు కారణం.

తెల్లబడితే ఏ వైపు తెల్లబడిందో చూడండి. లైటుకు ఎదురుగా ఉన్న పైభాగం తెల్లబడి, కింది నీడభాగం రంగు నిలిచి ఉంటే తప్పు లైటుదే. ఒళ్లంతా ఒకేలా పాలిపోతే ఉష్ణోగ్రత 28 దాటిందేమో, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయాయేమో చూడాలి. నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03–0.1 ఉండాలి. మొదలు దగ్గర కండ ఊడి అస్థి కనిపిస్తుంటే దానికి లైటు కన్నా ఆల్కలినిటీ ఊగిసలాటే కారణం అయ్యే అవకాశం ఎక్కువ.

లైటు దెబ్బే అని తేలితే ఆ రోజే బలం మూడో వంతు తగ్గించండి, లేదా పగడాన్ని నీడకు దించండి. పాలిపోయిన గట్టి పగడానికి మామూలు వెలుతురు కూడా ఎక్కువే అవుతుంది. అడ్డుగా ఉండే శైవలాలు పోవడంతో తెల్లటి అస్థి ఆ కాంతిని తిప్పికొట్టి, మిగిలిన కొద్ది శైవలాల మీదే మళ్లీ పోస్తుంది. అందుకే ‘కోలుకోవడానికి కాస్త ఎక్కువ లైటు ఇద్దాం’ అనుకోవడం దాని ప్రాణం మీదికి తెస్తుంది. తిరిగి రంగెక్కడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఇంటిపని

కాగితం మీద ట్యాంకును పైనుంచి చూసినట్టు గీయండి. పొడవును మూడుగా, వెడల్పును రెండుగా విడదీస్తే ఆరు గళ్లు వస్తాయి. లైటు మీరు నడపబోయే పూర్తి బలం మీద పెట్టి, ఒక్కో గడిలో ఇసుక మీద, రాళ్ల నడుమ, కొస ఎత్తులో పార్ కొలిచి రాయండి. మొత్తం 18 అంకెలు. కొలత అవగానే లైటును మళ్లీ 35 శాతానికి దించడం మరవొద్దు. ఇసుక మీద 50–80 వచ్చిన గళ్లకు ఆకుపచ్చ, 150 దాటిన అంకెలకు ఎరుపు రంగు వేయండి. ఏడో పాఠంలో మొదటి పుట్టగొడుగు పగడాన్ని దింపేది ఆ ఆకుపచ్చ గడిలోనే.