హిస్టరీ పేపర్‌కి రీసెర్చ్ క్వశ్చన్ ఎలా ఎంచుకోవాలి, ఎలా రాయాలి?

హిస్టరీ పేపర్ రాయమనగానే చాలామంది ఫ్రెంచ్ విప్లవం అనో రెండో ప్రపంచ యుద్ధం అనో ఒక పెద్ద టాపిక్ పట్టుకుని, దాని మీద దొరికిందల్లా చదివేసి నోట్స్ రాస్కుంటూ పోతారు, చివరికి అందరికీ తెలిసిన కథే ఇంకోసారి చెప్పి సబ్మిట్ చేసేస్తారు. మార్కులు తగ్గితే మాత్రం బాధపడతారు, నేను తప్పేం రాయలేదు కదా అని. నిజమే, తప్పేం లేదు, కానీ అందులో అసలు ప్రశ్నే లేదు. 1789లో ఫ్రాన్స్‌లో ఏం జరిగింది అనేది ఏ టెక్స్ట్‌బుక్ తిరగేసినా దొరుకుతుంది, ఇక మీరు తేల్చాల్సింది ఏం మిగిలింది?

ప్రశ్న ఎలా పుడుతుందో చెప్పాలంటే ఒకే ఉదాహరణని మొదట్నుంచీ పట్టుకెళ్తే బాగుంటుంది. 1918 ఫ్లూ, అంటే మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ప్రపంచమంతా పాకిన జబ్బు, దాన్ని తీసుకుందాం.

స్టెప్ 1: ప్రశ్న సంగతి పక్కన పెట్టి ముందు కొంచెం చదవండి

ఏమీ చదవకుండా ఖాళీ పేపర్ ముందు కూర్చుని ప్రశ్న ఆలోచిస్తే రాదు. ఒక ఎన్‌సైక్లోపీడియా వ్యాసం, ఒకట్రెండు పుస్తకాల్లో ఆ టాపిక్ ఉన్న చాప్టర్లు చాలు. చదివేటప్పుడు "అదేంటి?" అనిపించిన ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి, ముఖ్యమైన పాయింట్లకి కాదు, వింతగా అనిపించినవాటికే.

మన టాపిక్‌లో అలాంటివి బోలెడు. స్పెయిన్‌లో పుట్టిందని ఎవరూ తేల్చకపోయినా దాన్ని స్పానిష్ ఫ్లూ అన్నారు, ఎందుకంటే యుద్ధంలో ఉన్న దేశాల్లో పేపర్ల మీద సెన్సార్ ఉంది, తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో పేపర్లు జబ్బు గురించి మామూలుగానే రాసేశాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జబ్బు అప్పటికే మొదలైనా 1918 సెప్టెంబర్ 28న యుద్ధ బాండ్లు (యుద్ధ ఖర్చుకి జనం దగ్గర అప్పు తీసుకునే పత్రాలు) అమ్మడం కోసం భారీ పరేడ్ జరిపారు. శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే అక్టోబర్‌లో మాస్క్ తప్పనిసరి చేశారు, నవంబర్ 21న ఎత్తేశారు, మళ్ళీ 1919 జనవరిలో కేసులు పెరిగి మాస్క్ పెట్టమనేసరికి ఈసారి యాంటీ మాస్క్ లీగ్ అని ఏకంగా ఒక సంఘమే పుట్టింది. అదే ఊరు, అదే జబ్బు, అదే మాస్క్, మధ్యలో పట్టుమని మూడు నెలలు కూడా లేవు. నాకైతే మిగతా రెండిటికంటే ఇదే ఎక్కువ పని ఉన్న వింత అనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో ఏదో మారింది, ఏం మారిందో పైకి కనపడట్లేదు.

స్టెప్ 2: చోటు, కాలం, మనుషులు ఫిక్స్ చేయండి

ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరి గురించి, ఈ మూడూ ఒక్క లైన్లో చెప్పగలగాలి. "ప్రపంచం మీద 1918 ఫ్లూ ప్రభావం" అనేదాంట్లో మూడూ లేవు, పైగా ప్రభావం అనే మాట వాడితే ఆర్థికమా, రాజకీయమా, ఇళ్ళల్లో మనుషుల మీదా అని ఏదీ తేల్చక్కర్లేదు కాబట్టే స్టూడెంట్స్‌కి అదంటే అంత ఇష్టం. శాన్ ఫ్రాన్సిస్కో, 1918 అక్టోబర్ నుంచి 1919 ఫిబ్రవరి, మాస్క్ వద్దన్నవాళ్ళు. ఇంత చిన్నదానికి పేజీలు సరిపడా మేటర్ ఉంటుందా అని భయమేస్తుంది. ఉంటుంది, టాపిక్ పెద్దదైతేనే అన్నీ పైపైన ముట్టుకుని వదిలేయాల్సి వస్తుంది.

స్టెప్ 3: ప్రశ్న మీద మనసు పడే ముందే సోర్సులు చూస్కోండి

ఇది చాలామంది చివర్లో చేస్తారు, అప్పటికి టైమ్ ఉండదు. ఆ కాలంలోనే రాసిన పేపర్లు, ఆర్డర్లు, ఉత్తరాలు, మీటింగ్ రికార్డులు మీకు అందుబాటులో ఉన్నాయా, మీరు చదవగలిగే భాషలోనే ఉన్నాయా? అమెరికా పాత పేపర్లయితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ క్రానిక్లింగ్ అమెరికా అనే ఆన్‌లైన్ కలెక్షన్‌లో ఫ్రీగా చదవొచ్చు, కాలిఫోర్నియా పేపర్లకి విడిగా ఒక డిజిటల్ కలెక్షన్ ఉంది. ఒక గంట వెతికి చూడండి. మీ చేతిలో ఉన్నవి పేపర్లే అనుకోండి, అప్పుడు "లీగ్ సభ్యులు లోలోపల ఏమనుకున్నారు" అని అడగొద్దు, దానికి డైరీలో ఉత్తరాలో కావాలి. "పేపర్లు లీగ్‌ని ఎలా చూపించాయి" అని అడిగితే ఉన్నవాటితోనే జవాబు రాబట్టొచ్చు. అంటే సోర్సుని బట్టి ప్రశ్న మారుతుంది, అందులో తప్పేం లేదు, హిస్టారియన్లు చేసేదీ అదే.

స్టెప్ 4: వాక్యంగా రాయండి, కొట్టేయండి, మళ్ళీ రాయండి

"శాన్ ఫ్రాన్సిస్కోలో మాస్క్ రూల్ ఎప్పుడు వచ్చింది?" తేదీ చెప్తే అయిపోయింది, కొట్టేయండి.

"మాస్క్ రూల్ మంచిదేనా?" ఇది డిబేట్ టాపిక్, మీ అభిప్రాయం అడుగుతోంది.

"యుద్ధమే లేకపోతే జనం మాస్కులు పెట్టుకునేవాళ్ళా?" మాట్లాడుకోడానికి బాగుంటుంది కానీ జరగనిదానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

"1918 అక్టోబర్‌లో మాస్క్‌కి ఒప్పుకున్న జనం 1919 జనవరిలో ఎందుకు ఎదురు తిరిగారు?" ఇది బాగుంది. ఎందుకు అని అడుగుతోంది, చోటూ కాలం ఉన్నాయి, మార్పు ఉంది. ఇక్కడే ఆగిపోవాలనిపిస్తుంది కూడా, కానీ ఆగొద్దు.

స్టెప్ 5: ప్రశ్న లోపల దాక్కున్న నమ్మకాన్ని బయటికి లాగండి

పైన ప్రశ్న ఒక విషయాన్ని గుట్టుచప్పుడు కాకుండా నిజం చేసేసింది, అక్టోబర్‌లో జనం ఒప్పుకున్నారని. ఒప్పుకున్నారా? అప్పటి పేపర్లు తిరగేస్తే మాస్క్ లేదని అరెస్టులు, ఫైన్లు అప్పుడే కనిపిస్తాయి. అంటే వ్యతిరేకత మొదట్నుంచీ ఉంది, కాకపోతే ఎవరికి వాళ్ళుగా ఉంది, జనవరిలో ఒక సంఘంగా తయారైంది. అప్పుడు ప్రశ్న ఇలా అవుతుంది: "1918 అక్టోబర్‌లో విడివిడిగా ఉన్న మాస్క్ వ్యతిరేకత 1919 జనవరికల్లా శాన్ ఫ్రాన్సిస్కోలో సంఘటిత ఉద్యమంగా ఎందుకు మారింది?" కొంచెం పొడుగైంది, పర్లేదు, ముందుదానికంటే నిజంగా ఉంది.

అలాగే "మూర్ఖపు జనం", "దూరదృష్టి ఉన్న అధికారులు" లాంటి మాటలు ప్రశ్నలో పెట్టారంటే తీర్పు ముందే ఇచ్చేసినట్టు. ఇప్పటి గొడవల మాటల్ని వందేళ్ళ వెనక్కి మోసుకెళ్ళి అప్పటివాళ్ళకి తగిలించినా ఇదే సమస్య.

స్టెప్ 6: కనీసం రెండు జవాబులు ఊహించండి

ఒకటి, అక్టోబర్‌లో మాస్క్‌ని దేశభక్తితో ముడిపెట్టారు, పెట్టుకోనివాడు యుద్ధానికి ఎగ్గొట్టేవాడితో సమానం అన్నట్టు ప్రచారం నడిచింది, నవంబర్ 11న యుద్ధం ఆగింది, ఆ వాదన బలం తగ్గింది. రెండు, గుడ్డ మాస్క్ అసలు పనిచేస్తుందా అనే అనుమానం పెరిగింది. మూడోది, వ్యాపారాలు, రాజకీయాలు. వీటిల్లో ఏది ఎంత బలమైనదో సాక్ష్యాలతో తూచి చెప్పడమే మీ పేపర్. ఎంత ఆలోచించినా ఒక్క జవాబే తోస్తుంటే మీరు ప్రశ్న అడగట్లేదు, ముందే నమ్మినదానికి చివర ప్రశ్న గుర్తు తగిలించారంతే.

ఒకే కారణం మీద పేపర్ రాయాలనుకుంటే "ఎంతవరకు" అనే మాట బాగా పనికొస్తుంది: "యుద్ధం ముగియడం ఈ మార్పుకి ఎంతవరకు కారణం?" కాకపోతే అలా అడిగారంటే మిగతా కారణాల్ని కూడా దాని పక్కనే ఉంచి పోల్చాలి, లేకపోతే ఎంతవరకో ఎలా చెప్తారు.

స్టెప్ 7: సార్‌కో మేడమ్‌కో చూపించండి

ప్రశ్న ఒక్కటే కాదు, దాని కింద మీరు వాడబోయే రెండు మూడు సోర్సుల పేర్లు కూడా రాసి తీసుకెళ్ళండి. ఉత్త ప్రశ్న చూపిస్తే "బాగుంది, కంటిన్యూ చెయ్" అంటారు, సోర్సులతో చూపిస్తే "ఇవి అధికారుల వైపు నుంచే ఉన్నాయి కదా, అవతలివాళ్ళ మాట ఎక్కడుంది" అని అడుగుతారు, మీకు కావాల్సింది ఆ మాట.

డ్రాఫ్ట్ అయ్యాక ముగింపు పేరా, ప్రశ్న పక్కపక్కన పెట్టి చదవండి. చాలాసార్లు అడిగింది ఒకటి, జవాబు చెప్పింది ఇంకోటి అయ్యుంటుంది. జవాబుకి సాక్ష్యాలు గట్టిగా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, ప్రశ్నని దానికి తగ్గట్టు తిరగరాసి, ఇంట్రోలో కూడా మార్చడం మర్చిపోకండి.