ఊహానగరం కథను పోటీకి పంపే ముందు

సంక్రాంతి కథల పోటీల గడువులు దగ్గరపడుతున్నాయి. మీ కథ ఊహానగరంలో నడుస్తుంటే ఇవి చూసుకోండి.

- నీళ్లు ఎక్కడివి? ఇక్కడ పొరపాటు జరిగితే కథంతా తిరగరాయాలి. కాకతీయుల రాజ్యానికి రామప్ప, పాకాల లాంటి చెరువులే ఆధారం. మీ నగరంలో కాలువ పూడిక ఎవరు తీస్తారో, కూలి ఎవరిస్తారో ఒక్క వాక్యమైనా ఉండాలి.

- సుంకం ఎంత? 1244 నాటి మోటుపల్లి రేవు శాసనంలో కాకతీయ రాజు గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిచ్చి, గంధం, కర్పూరం, ముత్యాలు, మిరియాల వంటి సరుకులకు సుంకాలు చెక్కించాడు. ఎంత చక్కటి ఏర్పాటో! అలాంటి పట్టిక మీరూ రాసుకుంటే రేవులో గొడవ సీను దానంతటదే పుడుతుంది.

- కథలో మంత్రాలుంటే, వాటికి హద్దు పెట్టారా? లేకపోతే అగ్నిప్రమాదాన్నీ ఒక్క మంత్రంతో ఆర్పేయొచ్చు, ఇక టెన్షన్ ఉండదు.

- వీధుల పేర్లు పైకి చదవండి. నోరు తిరగని పేరు పాఠకుడికి గుర్తుండదు.