కుక్కర్ పేలి గాయపడితే: వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసే విధానం

పేలిన కుక్కర్ ఇచ్చేస్తే కొత్తది ఇస్తామని షాపువాళ్లు అంటారు. ఇవ్వకండి, అదే మీ సాక్ష్యం. మూత, గాస్కెట్, సేఫ్టీ వాల్వ్, విజిల్ కడగకుండా ఒకే సంచిలో కట్టి పెట్టండి. ఐఎస్ఐ గుర్తు, బ్యాచ్ నంబరు ఫోటోలు తీయండి. 2021 ఫిబ్రవరి నుంచి ఇంట్లో వాడే కుక్కర్లకు ఐఎస్ 2347 ప్రమాణం తప్పనిసరి. ఆ తర్వాత తయారైన దాని మీద గుర్తే లేకపోతే మీ వాదనకు అది పెద్ద బలం.

ఫిర్యాదులో రెండు విషయాలు విడివిడిగా అడగాలి. చాలామంది తప్పేది ఇక్కడే. లోపమున్న వస్తువుకు డబ్బు వాపసు ఒకటి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ కింద తయారీదారు నుంచి నష్టపరిహారం రెండోది. ఈ రెండోదానిలో గాయం, దానివల్ల పడ్డ మనోవేదన, ఇంట్లో పాడైన ఇతర సామాను వస్తాయి; కుక్కర్ ఖరీదు రాదు. తయారీలో లోపం ఉందని తేలితే, తన అజాగ్రత్త లేదని నిరూపించుకున్నా కంపెనీ తప్పించుకోలేదు.

జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిషన్లలో ఏది అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి తేలుతుంది. 50 లక్షల లోపు ఏదైనా జిల్లా కమిషన్‌కే. ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఎక్కడ కొన్నా సరే, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. లాయరు తప్పనిసరి కాదు.

వినియోగదారుల కమిషన్లలో ఆన్‌లైన్‌గా ఫిర్యాదు వేసే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-జాగృతిలో ఖాతా తెరిచి ఫిర్యాదు, అఫిడవిట్, బిల్లు, ఆసుపత్రి కాగితాలు, ఫోటోలు అప్‌లోడ్ చేయాలి. తయారీ కంపెనీని, అమ్మినవాళ్లను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. చిరునామా పెట్టె మీద ఉన్నది ఉన్నట్టు రాయండి; తప్పు పడితే నోటీసు తిరిగొచ్చి నెలలు పోతాయి. నోటీసు అందాక జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులు, కమిషన్ ఇస్తే మరో 15.

చూసినంత మాత్రాన లోపం తేలకపోతే కమిషన్ వస్తువుకు సీలు వేసి ల్యాబుకు పంపుతుంది. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. నివేదికకు మామూలుగా 45 రోజులు. గుర్తుంచుకోండి, కంపెనీ మొదటి ఎదురుదాడి అదే చట్టంలోని 87వ సెక్షనే: తప్పుగా వాడారు, మార్పులు చేశారు అని. బజార్లో కొన్న ఏదో గాస్కెట్ వేసి ఉంటే, సొంతంగా వాల్వ్ మార్చి ఉంటే, వాళ్లు పట్టుకునేది సరిగ్గా దాన్నే. అసలు విడిభాగాలే వేయించినట్టు సర్వీసు రసీదులుంటే ఫిర్యాదుతోనే జతచేయండి.

సందేహం ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ చెప్పుకున్నంత మాత్రాన కమిషన్‌లో కేసు వేసినట్టు కాదు.