హోలోట్రైకియా పెంకు పురుగుల్లో జాతిని నిర్ధారించడం ఎలా?

తొలకరి వాన పడిన సాయంత్రం వేప చెట్ల మీద ముసిరే గోధుమ రంగు పెంకు పురుగులన్నింటినీ ఒకే గాటన కట్టి, రంగును బట్టి పేర్లు రాసి పెట్టెల్లో అమర్చేవారు చాలామంది ఉన్నారు. వేరుశనగను నాశనం చేసే వేరుపురుగుల తల్లిపురుగులైన హోలోట్రైకియా సెర్రేటా, హోలోట్రైకియా రెయ్నాడీ రెండూ దక్షిణ భారతంలో ఉన్నాయి. నేల నుంచి అప్పుడే వెలువడిన పురుగు లేతగానూ కొన్ని రోజులు తిరిగినది ముదురుగానూ ఉంటుంది కనుక రంగు సాక్ష్యం చెల్లదు. వాసన ఎరలో పడిందన్న ఆధారమూ చాలదు. రెయ్నాడీ మగపురుగులతో పాటు రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాల్లోని మరో జాతి హోలోట్రైకియా కన్సాంగ్వినియా మగపురుగులు కూడా, ఆడపురుగులు విడిచే అనిసోల్ అనే రసాయనం వాసనకే వస్తాయి.

కావలసినవి స్టీరియో మైక్రోస్కోపు, సన్నని పట్టకార్లు రెండు, కొన వంచిన గుండుసూది, 70 శాతం ఆల్కహాల్, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, గ్లిజరిన్. పురుగులను చీకటి పడ్డాక చెట్టు మీదే పట్టాలి. తరువాత వెనుక కాళ్ల గోళ్లు చూడండి. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే అది అనోమలా అనే వేరే రకం పెంకు పురుగుకు బంధువు, పక్కన పెట్టండి. గోళ్లు రెండూ సమానంగా ఉన్నవాటిలోనూ చిన్నగా, మఖమల్‌లా కనిపించే మలడెరా వంటి వేరే రకం పెంకు పురుగులను ఏరివేయాలి.

ఇక అసలు పని మగపురుగు జననాంగాన్ని వెలికితీయడం. అందరూ తొందరపడేదీ, నమూనా పాడయ్యేదీ ఇక్కడే. ఎండిన పురుగును ముందుగా గోరువెచ్చని నీటిలో మెత్తబడనివ్వాలి. గట్టిగా ఉండగా లాగితే పొట్ట చివరి పలకలు చిట్లుతాయి. వంచిన సూదిని పొట్ట చివర పై పలకకూ కింది పలకకూ మధ్య నెమ్మదిగా దూర్చి, లోపలి గట్టి గోధుమ రంగు గొట్టాన్ని దాని మొదలు దగ్గర తగిలించి లాగాలి. కొసన ఉండే పారామీర్లు అనే జంట భాగాలను పట్టకారుతో ఎన్నడూ పట్టుకోకూడదు, ఎందుకంటే జాతిని చెప్పే ఆకారమంతా వాటి కొసల్లోనే ఉంటుంది, అవి విరిగితే ఆ పురుగు మీద పెట్టిన శ్రమ వృథా.

అంగానికి అంటిన కండరాలు కరగడానికి దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మరిగించడం కొందరి పద్ధతి. నేను ఒప్పుకోను. చల్లని ద్రావణంలో ఒక రాత్రి ఉంచడమే సరైన పద్ధతి, వేడిలో క్షణం ఏమరినా లేత భాగాలు వంకర తిరుగుతాయి. మరునాడు నీటితో కడిగి, గ్లిజరిన్ బొట్టులో ఉంచి, పక్క నుంచీ పై నుంచీ కొస వైపు నుంచీ వరుసగా చూడాలి. కాస్త ఒరిగినా ఆకారం వేరుగా కనిపిస్తుంది కనుక, పోల్చే బొమ్మ ఏ కోణంలో గీశారో అదే కోణంలో పురుగును నిలపకుండా ఏ పేరూ రాయవద్దు.

ఆడపురుగులను ఒంటరిగా చూసి పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. చెట్టు మీద జతకట్టిన జంటను విడదీయకుండా ఒకే సీసాలో వేసి, మగదానికి తేలిన పేరునే ఆడదానికి ఇవ్వడం మేలు. పిల్లపురుగును పెద్దదయ్యేదాకా పెంచాలి, లేదా దాని డీఎన్ఏను నిర్ధారించిన పెద్దపురుగు డీఎన్ఏతో పోల్చాలి. తీసిన జననాంగాన్ని గ్లిజరిన్ గల చిన్న గొట్టంలో వేసి, అదే పురుగు సూదికి గుచ్చి, ఊరు, తేదీ, చెట్టు పేరు రాసిన చీటీ జతచేయండి.